‘పాస్టరు’ అను మాట: దాని పుట్టుక, ప్రయాణము

ఈ శతాబ్ది సంచికలో సంఘముల స్థాపనను గురించి, గుడుల నిర్మాణమును గురించి, బడులను ఆసుపత్రులను గురించి చదువుకొనుటకు ఎంతో ఉంటుంది. నేను మాత్రము ఒక చిన్న మాటను గురించి వ్రాయదలచినాను. అది మన నోట రోజూ నానుతున్న ‘పాస్టరు’ అనే మాట. మనుష్యులకు వంశావళి ఉన్నట్లే మాటలకు కూడా వంశావళి ఉన్నది. ఈ మాట వంశావళిని తెలుసుకొంటే, సంఘము తన సేవకుని వద్ద ఏమి ఆశించవలెనో, సేవకుడు తనను తాను ఏమని తలంచుకొనవలెనో కొంత తేటపడుతుంది.

మన పామూరు ప్రాంతములో ఎవరిని అడిగినా పాస్టరు ఇంగ్లీషు మాట అంటారు. ఇంగ్లీషు దొరల వెంట వచ్చినది గనుక అట్లా అనుకొనుట సహజము. నిజానికి ఇంగ్లీషువారు కూడా దీనిని అరువు తెచ్చుకొన్నవారే. ఇది లాటిన్ మాట. గొర్రెల కాపరి అని దీని అర్థము. ఇంతవరకు ఆదివారపు బడి పిల్లలు కూడా చెప్పగలరు. అయితే ‘కాపరి’ అనగానే పని పూర్తి కాలేదు. ఆ లాటిన్ మాటలో ఉన్న ముఖ్యమైన ఒక సంగతి మన ‘కాపరి’లో లేదు. మన ‘కాపరి’లో ఉన్న ఒక సంగతి ఆ లాటిన్ మాటలో పైకి కనబడదు.

మేత నుండి పుట్టిన మాట

లాటిన్‌లో ‘పాస్కెరె’ అనే క్రియ ఉన్నది. మేపుట, తిండి పెట్టుట అని దాని అర్థము. ఆ పని చేసేవాడు ‘పాస్తోర్’, అనగా మేపేవాడు. మేత నేలకు ఇంగ్లీషులో ఉన్న ‘పాశ్చర్’ అనే పేరు కూడా ఈ క్రియ నుండి వచ్చినదే.

తెలుగులో ‘కాపరి’ అనే మాట ‘కాచు’ అనే క్రియ నుండి వచ్చినది. కాపు, కాపలా, కావలి, కాపుదల అన్నీ ఆ ఇంటివే. కాపరి అంటే కాచేవాడు. తోడేలు రాకుండా, దొంగ ఎత్తుకుపోకుండా, మంద చెదరకుండా చూచేవాడు. ఒకే మనిషిని చూచి రోమా పల్లెవాడు ‘మేపేవాడు’ అన్నాడు, మన పల్లెవాడు ‘కాచేవాడు’ అన్నాడు. ఇద్దరూ తప్పు చెప్పలేదు. మనిషి ఒక్కడే, అతని పనులు రెండు.

మన ఊళ్ళలో గొర్రెలను మేకలను కలిపి ‘జీవాలు’ అంటారు. ‘జీవాలు కాస్తున్నాడు’ అనీ అంటారు, ‘జీవాలు మేపుకొని వస్తున్నాడు’ అనీ అంటారు. ఆ రెండు మాటలు మన నాలుక మీద ఇప్పటికీ సమానముగా ఆడుతున్నవి. ఈ వ్యాసమంతా ఆ రెండు క్రియల చుట్టూ తిరుగుతుంది గనుక చదువరులు వాటిని గుర్తుంచుకొనవలెనని మనవి.

మాట బంధువర్గము

లాటిన్, గ్రీకు, సంస్కృతము, పారసీకము, ఇంగ్లీషు ఒకే కుటుంబమునకు చెందిన భాషలని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో సూచించినాడు. తెలుగు, తమిళము మొదలైనవి వేరొక కుటుంబమని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర చూపినాడు. తిరునల్వేలి మిషనరీయైన రాబర్ట్ కాల్డ్‌వెల్ 1856లో ఆ కుటుంబమునకు విపులమైన వ్యాకరణము వ్రాసినాడు. కనుక ‘పాస్టరు’కు రక్తసంబంధులను వెదకవలెనంటే మొదట సంస్కృతములో వెదకవలెను.

సంస్కృతములో ‘పా’ అనే ధాతువునకు రక్షించుట అని అర్థము. గోపుడు, గోపాలుడు, భూపాలుడు, పాలకుడు, పాలించుట మొదలైన మాటలు దానికి చెందినవే. లాటిన్ ‘పాస్తోర్’, సంస్కృత ‘గోపుడు’ ఒకే మూలము నుండి చీలిన కొమ్మలని భాషావేత్తలు చెబుతారు. ఇంగ్లీషులో తిండికి ‘ఫుడ్’ అంటారు, అది కూడా ఈ మూలమునకు చెందినదే. రొట్టెకు లాటిన్‌లో ‘పానిస్’ అని పేరు. దానిని కూడా పండితులు ఇక్కడికే చేర్చుతారు. ఆ ‘పానిస్’ పోర్చుగీసువారి నోట మారి, వారి ఓడలలో పడమటి తీరమునకు వచ్చి, ‘పావ్’ రొట్టెగా నిలిచినది. బజారులో పావ్ తినే కుర్రవానికి, తన సంఘ పాస్టరుకు ఆ రొట్టె బంధువని తెలియదు.

ఒకే మూలము నుండి వచ్చిన ఈ మాటలు వేర్వేరు దారులు పట్టినవి. సంస్కృతములో ఆ మూలము రక్షణ వైపు నడచి, చివరకు రాజ్యపాలన దాకా పోయినది. పాలకుడు అంటే ఈ రోజు మనకు అధికారి. లాటిన్‌లో అది మేత వైపు నడచి, తిండి పెట్టేవాని దగ్గర ఆగినది. సేవకుడు ఈ రెండింటిలో ఏ దారిన నడవవలెను? ఈ ప్రశ్న కొత్తది కాదు. బైబిలును లాటిన్ లోకి మార్చినవారికే అది ఎదురైనది.

ఒకే కీర్తనకు రెండు మాటలు

క్రీ.శ. 4వ శతాబ్దము చివర జెరోము అనే పండితుడు బేత్లెహేములో కూర్చుండి లాటిన్ బైబిలును సిద్ధపరచినాడు. కీర్తనల గ్రంథమును ఆయన ఒకసారి గ్రీకును ఆధారము చేసుకొని సవరించినాడు. తరువాత హెబ్రీ మూలము నుండి నేరుగా మరల అనువదించినాడు. మనమందరము కంఠస్థము చేసిన 23వ కీర్తన మొదటి మాటను ఈ రెండు ప్రతులలో పోల్చి చూడవలెను. గ్రీకు నుండి వచ్చిన ప్రతిలో యెహోవా నన్ను ‘రెగిత్’ అని ఉన్నది, అంటే ఏలుచున్నాడు, నడిపించుచున్నాడు అని. హెబ్రీ నుండి వచ్చిన ప్రతిలో ‘పాస్కిత్’ అని ఉన్నది, అంటే మేపుచున్నాడు అని. పాస్టరు అనే మాట పుట్టిన క్రియ ఇదే.

మొదటిది తప్పని నేను అనను. కాపరి పనిని తెలిపే గ్రీకు క్రియకు నడిపించుట, ఏలుట అనే అర్థములు కూడా ఉన్నవి. హెబ్రీలో మాత్రము కాపరిని ‘రోయె’ అంటారు. ఆ మాట మేపుట అనే క్రియ నుండి పుట్టినది. ఈ విషయములో హెబ్రీ, లాటిన్ ఒకే దారిన నడిచినవి. అయినను పడమటి సంఘము ఆరాధనలో శతాబ్దముల తరబడి వాడుకొన్నది మొదటి ప్రతినే. ఏలుచున్నాడు అనే మాటే లాటిన్ చదివేవారి నోట నిలిచినది. రోమను కథోలిక సంఘము 1979లో ప్రకటించిన కొత్త లాటిన్ బైబిలులో ‘పాస్కిత్’ మరల ఆ స్థానమునకు వచ్చినది.

యోహాను సువార్త 21వ అధ్యాయము మరింత ఆసక్తికరమైనది. అక్కడ ప్రభువు పేతురునకు మూడుసార్లు ఆజ్ఞ ఇచ్చినాడు. గ్రీకులో మొదటిసారి, మూడవసారి వాడిన క్రియ మేపుట. రెండవసారి వాడినది వేరొక క్రియ, కాపరితనము చేయుట అని దాని అర్థము. లాటిన్ అనువాదములో ఈ భేదము పోయినది, మూడుసార్లూ మేపుట అనే ఉన్నది. మన తెలుగు బైబిలు తెరచి చూడండి. మేపుట, కాచుట, మరల మేపుట అని గ్రీకులో ఉన్న వరుసలోనే ఉన్నవి. లాటిన్‌లో మాసిపోయిన భేదమును తెలుగు నిలిపినది. జీవాలతో కలిసి బ్రదికిన భాషకు ఆ రెండు పనుల భేదము తెలుసు.

పాదిరి వేరు, పాస్టరు వేరు

ఈ సందర్భములో ఒక పొరపాటును సరిచేయవలసి ఉన్నది. మన పెద్దలు పాదిరి, పాద్రి అనేవారు. పాస్టరు దానికి మరొక ఉచ్చారణ అని కొందరు తలంచుతారు. అట్లు కాదు. లాటిన్‌లో తండ్రిని ‘పాతెర్’ అంటారు. అది పోర్చుగీసులో ‘పాద్రె’ అయినది. 1498లో వాస్కో డ గామా మలబారు తీరము చేరిన తరువాత ఆ పోర్చుగీసు మాట మన దేశపు భాషలలోనికి వచ్చినది. మొదట కథోలిక గురువులకు, తరువాత అన్ని సంఘముల గురువులకు, చివరకు ఇంగ్లీషు సైన్యములోని చాప్లెన్లకు కూడా ఆ పేరే నిలిచినది. మన సంస్కృత ‘పితృ’ శబ్దము ఆ ‘పాతెర్’కు తోబుట్టువు. కనుక పాదిరి అంటే తండ్రి, పాస్టరు అంటే మేపేవాడు. రెండూ గొప్ప పేర్లే గాని రెండు వేరు వేరు ఇండ్లలో పుట్టినవి.

మన సంచిక పేరులోనే ఉన్న ‘డయాసిస్’ అనే మాట కూడా గమనింపదగినది. మనము అధ్యక్ష ఖండము అంటున్నాము. గ్రీకులో ఆ మాటకు మొదట ఇంటి నిర్వహణ, పరిపాలన అని అర్థము. క్రీ.శ. 284 నుండి 305 వరకు ఏలిన డయోక్లీషియన్ చక్రవర్తి రోమా రాజ్యమును కొన్ని పెద్ద భాగములుగా విభజించినప్పుడు వాటికి ఆ పేరు పెట్టినారు. సంఘమును క్రూరముగా హింసించినవాడు ఆయనే. అటువంటి వాని కచేరి మాటను సంఘము తరువాత తనదిగా చేసుకొన్నది. ఒక మాటను కచేరి నుండి, మరొక మాటను మేత బీడు నుండి తెచ్చుకొని, రెండింటితోను సంఘము తన ఇల్లు కట్టుకొన్నది. కచేరి పని లేకుండా సంఘము నడవదు. కాని మేత బీడును కచేరి మింగివేయరాదు.

ఐరోపా భాషలలో నడక

క్రొత్త నిబంధన గ్రీకులో సంఘ సేవకులకు కాపరులు అనే నామవాచకమును ఒక ఉద్యోగపు పేరుగా వాడిన స్థలము ఒక్కటే, ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయము 11వ వచనము. లాటిన్ బైబిలులో అక్కడ ‘పాస్తోర్’ బహువచనము వచ్చినది. ఆ ఒక్క వచనము నుండి ఈ మాట సంఘములోనికి విస్తరించినది. సుమారు 590లో గ్రెగొరీ అనే పోపు సేవకుల విధులను గురించి వ్రాసిన గ్రంథము ఐరోపా అంతట పాఠ్యగ్రంథమైనది. దాని లాటిన్ పేరు ‘రేగులా పాస్తొరాలిస్’. ఏలుబడికి సంబంధించిన మాట, మేతకు సంబంధించిన మాట ఆ పేరులో ప్రక్క ప్రక్కన ఉన్నవి. 9వ శతాబ్దములో ఇంగ్లండు రాజు ఆల్ఫ్రెడ్ దానిని తన భాషలోనికి మార్చినప్పుడు లాటిన్ మాటను ఉంచక, తన ప్రజల సొంత మాటతో ‘కాపరి పుస్తకము’ అన్నాడు.

ఇంగ్లీషులోనికి ‘పాస్టర్’ ఫ్రెంచి ద్వారా 14వ శతాబ్దములో వచ్చినది. ఆరంభములో నిజమైన గొర్రెల కాపరిని కూడా ఆ పేరుతో పిలిచేవారు. కాలక్రమమున బీడులోని వానికి ‘షెపర్డ్’, గుడిలోని వానికి ‘పాస్టర్’ అని విడిపోయినవి. స్పానిషు, పోర్చుగీసు భాషలలో ఈ విడాకులు జరుగలేదు. అక్కడ ఈనాటికీ గొర్రెల కాపరి ‘పాస్తోర్’, సంఘ కాపరి ‘పాస్తోర్’. ఫ్రెంచిలో గొర్రెలవానికి ‘బెర్జె’ అనే వేరే పేరు స్థిరపడి, ‘పాస్తెర్’ ప్రొటెస్టెంటు సేవకునికి మిగిలినది.

ఆ ఫ్రెంచి మాట ఒక ఇంటిపేరుగా కూడా మారి మన ఊరికి వచ్చినది. పిచ్చికుక్క కాటునకు 1885లో మందు వేసి చూపిన లూయీ పాస్తెర్ ఇంటిపేరునకు అర్థము కాపరి అనే. ఆయన పేర కూనూరులో 1907లో వెలసిన సంస్థ దక్షిణ దేశమునకు ఆ మందును తయారుచేసినది. పాల ప్యాకెట్టు మీద కనబడే ‘పాశ్చరైజ్డ్’ అనే మాటలో ఉన్నది కూడా ఆయన పేరే.

ప్రొటెస్టెంటు సంఘములలో ఈ మాటకు ప్రాధాన్యము పెరిగినది 16వ శతాబ్దపు దిద్దుబాటు కాలములో. జాన్ కాల్విన్ 1541లో జెనీవా సంఘమునకు ఏర్పరచిన క్రమములో పాస్టర్లు, బోధకులు, పెద్దలు, పరిచారకులు అని నాలుగు సేవలను పేర్కొన్నాడు. బలిపీఠము దగ్గర నిలిచే యాజకుని పేరు కన్న, వాక్యమను ఆహారము పెట్టే కాపరి పేరు వారికి తగినదిగా తోచినది.

తెలుగు నేల మీదికి

ఈ మాట తెలుగు దేశమునకు 19వ శతాబ్దపు ప్రొటెస్టెంటు మిషనరీలతో వచ్చినది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులోను, లూథరన్ మిషనరీ హయ్యరు 1842లో గుంటూరులోను పని ఆరంభించినారు. మన కనిగిరి తాలూకా 1970 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండినది. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరినాడు. 1867 ఆరంభములో ఆయన ఒంగోలుకు పడమరనున్న తాళ్ళకొండపాడు వెళ్ళి బాప్తిస్మములు ఇచ్చినాడు. అక్కడ ఆయన కొరకు వేచియున్నవాడు తోళ్ళ వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య. దొర రాకముందే వాక్యము విని, తన వారికి చెప్పుచుండిన మనిషి ఆయన. పడమటి పల్లెలలో సువార్త నిలిచినది అటువంటి స్వదేశీ సేవకుల కాళ్ళ మీదనే. సంఘ భేదము లేకుండ ఈ ప్రాంత క్రైస్తవులందరును వారికి ఋణపడి ఉన్నారు.

1876-78 మహా కరవులో పాస్టరు అనే మాట మూలార్థము మన కళ్ళ ఎదుట నిలిచినది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించినాడు. కూడు కొరకు మతము పుచ్చుకొన్నారనే మాట రాకూడదని, సహాయము నడిచినంత కాలము బాప్తిస్మములను ఆపినాడు. కరవు తెరిపి ఇచ్చిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. లోకమంతా ఆ సంఖ్యను చెప్పుకొన్నది. అయితే ఆ మరునాటి ప్రశ్నను తక్కువమంది చెప్పుకొంటారు. ఇంతమందిని ఎవరు మేపుతారు? అక్షరము రాని వేలమందికి పల్లె పల్లెకు వెళ్ళి వాక్యము చెప్పేవారు ఎవరు? 1880లో ఒంగోలులో స్వదేశీ బోధకులకు అభిషేకము చేసినది ఆ ప్రశ్నకు జవాబుగానే. బాప్తిస్మములు ఒక్క దినములో జరిగినవి. మేపు పని ఈనాటికీ ముగియలేదు.

తెలుగు ప్రజలు ఈ మాటను తీసుకొని ఊరకుండలేదు. ‘పాస్టరమ్మ’ అనే కొత్త మాట పుట్టించినారు. లాటిన్ చివర మన ‘అమ్మ’ చేరినది. ఎండన పడి వచ్చినవారికి మజ్జిగ ఇచ్చి, పెండ్లికి సాయపడి, పురిటికి తోడు పోయే ఆ తల్లికి మేపేవాడు అనే పేరులో భాగము న్యాయముగా చెందినదే. ఇప్పుడు స్త్రీలు తామే అభిషేకము పొంది సేవ చేస్తున్నారు. 2013లో మన పొరుగునున్న నంద్యాల అధ్యక్ష ఖండమునకు ఇ. పుష్పలలిత గారు బిషప్పుగా నియమింపబడి, దక్షిణ ఇండియా సంఘములో ఆ స్థానము పొందిన మొదటి స్త్రీ అయినారు. కనుక పాస్టరమ్మ అనే మాటకు ఇక రెండు అర్థములు.

మన బీడులో కాపరి

ఐరోపా పటములలో కాపరి పచ్చిక మీద నిలబడి, ఉన్ని గొర్రెపిల్లను భుజము మీద వేసుకొని ఉంటాడు. మన కాపరి అట్లా ఉండడు. మన గొర్రె నెల్లూరు జాతిది. పొడవైన కాళ్ళు, ఉన్ని లేని ఒళ్ళు. తెల్లనిది పల్ల, ముఖము మీద నల్లమచ్చలు కలది జోడిపి, ఎర్ర గోధుమ రంగుది దొర. వానలు లేని ఏట తుమ్మకాయలు రాల్చి పెట్టవలెను. పొడవాటి దోటితో వేపకొమ్మ వంచవలెను. రాత్రి రైతు చేనులో మంద కట్టవలెను, పిల్లలను గంప క్రింద మూయవలెను. మేత అయిపోతే ఇల్లు వదలి, నీళ్ళున్న చోటికి మందను తోలుకొని పోవలెను.

బిషప్పులు చేతపట్టే దండమునకు పైన వంపు ఉంటుంది. దారి తప్పిన గొర్రెను పట్టి లాగుటకు కాపరి వాడే కర్ర అది. మన కాపరి దోటికి కూడా కొక్కెము ఉంటుంది. దానితో అతడు గొర్రెను లాగడు, కొమ్మను క్రిందికి లాగుతాడు. గొర్రెకు అందని ఆకును అందునట్లు చేస్తాడు. ప్రసంగము అనే పనికి ఇంతకన్న మంచి పోలిక నాకు దొరకలేదు. వేదశాస్త్ర కళాశాలలో నేర్చుకొన్న గ్రీకు, హెబ్రీ ఎత్తైన కొమ్మ మీది ఆకు వంటివి. దానిని వంచి ఇవ్వకపోతే మంద పైకి చూచి ఆకలితోనే పోతుంది.

యెహెజ్కేలు గ్రంథము 34వ అధ్యాయములో, మందను విడిచి తమ కడుపు నింపుకొన్న కాపరుల మీద దేవుని తీర్పు ఉన్నది. కంచే చేను మేసినది అని మన వారు చెప్పేది అదే. ఇప్పుడు సంఘములో కమిటీలు, లెక్కలు, ఆస్తుల తగవులు, ఎన్నికలు పెరిగినవి. ఇవన్నీ కాచుటకు సంబంధించిన పనులు, అవసరమైనవే. కాని పాస్టరు దినమంతా వాటికే పోతే, అతడు మంచి కావలివాడై ఉండవచ్చును, పాస్టరు మాత్రము కాడు. గేటు వద్ద కాపలా గట్టిగానే ఉండి, దొడ్డిలో గొర్రెలు ఎముకలు తేలి ఉంటే ఆ కాపలా ఎవరి కొరకు?

సంఘమునకు కూడా ఇందులో బాధ్యత ఉన్నది. మన పాస్టరును మనము ఏ ప్రశ్నలతో తూచుచున్నాము? కట్టడము ఎంత లేపినాడు, పైవారి వద్ద పలుకుబడి ఎంత, మన వర్గము వైపా అవతలి వర్గము వైపా అని అడుగుతున్నాము. ఆ మాట అర్థమును బట్టి అడుగవలసిన ప్రశ్న వేరు. ఈ సంవత్సరము మన ఇంటివారికి వాక్యములో ఆకలి తీరినదా? రోగి మంచము దగ్గరకు, చదువు మానిన పిల్లవాని ఇంటికి, ఊరి చివరనున్న విధవరాలి గుడిసెకు మేత చేరినదా? ఈ ప్రశ్న అడిగే సంఘము ఉన్నచోట పాస్టరు తన పేరు అర్థమును మరువలేడు.

లాటిన్ మాట మేపుమన్నది, తెలుగు మాట కాచుమన్నది. ప్రభువు పేతురునకు ఆ రెండు పనులూ అప్పగించినాడు, అయితే మొదటను చివరను మేపుమనే చెప్పినాడు. రాబోవు నూరు సంవత్సరములలో మన గుడుల పేర్లు మారవచ్చును, పరిపాలన క్రమములు మారవచ్చును. ఆ ఆజ్ఞ వరుస మాత్రము మారదు. దానిని నెరవేర్చు సేవకులను, వారిని ఆ పనిలో నిలబెట్టు సంఘములను దేవుడు మనకు దయచేయును గాక.